గట్టు లేని గడి

ఈ టపా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. సాహిత్యం కోసం ఇటు వచ్చే మిత్రులకు ఇదేం గోల అనిపిస్తుందేమోనని వాయిదా వేస్తూ వచ్చాను. మొన్న అంబాజీపేట వెళ్ళి వచ్చాక ఇక ఆగబుద్ధి కాలేదు. కనుక ఈసారికి కవిత్వమూ లేదు, కథా లేదు. జాలపుటల్లో మనం నింపే దరఖాస్తుల గళ్ళను గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. ఆ గళ్ళను ఎంతవరకు అలంకరించవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే విషయం.

మా మావయ్యకు అక్కడ కొబ్బరితోట ఉంది. ఆయన ఒక దరఖాస్తును ఫోనులోనే నింపవలసి వచ్చింది. అది ఏ సంస్థదన్నది ఇక్కడ అప్రస్తుతం. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆ రోజే దింపు తీయించారేమో, కాయలు రాశి పోసి ఉన్నాయి. ఆ రాశి పక్కన నిలబడే ఫోను తెరిచారు. పుట చూడటానికి ముచ్చటగానే ఉంది. తెల్లని నేపథ్యం, లేత బూడిదరంగు అక్షరాలు, ఉన్నాయో లేవో తెలియనంత సన్నని అంచులు.

"ఒరేయ్, ఇందులో ఎవరిదో ఫోను నంబరు ముందే వేసేశార్రా. మనది ఎక్కడ వెయ్యాలి?" అన్నారు.

చూస్తే అది గడిలో లేతగా చూపిన నమూనా అంకె.

"అది నమూనా మావయ్యా. దాని మీద వేలు పెట్టి మీ నంబరు కొట్టండి, అదే పోతుంది."

"పోయేదానికి మరి రాయడం ఎందుకూ?"

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన నాలుగు గళ్ళు నింపారు. అయిదో గడిలో వేలు పెట్టగానే అందులో ఉన్న "తండ్రి లేక భర్త పేరు" అన్న మాట మాయమైంది. ఇంతలో ఎవరో ఫోను చేశారు. మాట్లాడి తిరిగి వచ్చేసరికి ఖాళీ గడి ఎదురుగా ఉంది, అందులో ఏం రాయాలో చెప్పే మాట మాత్రం లేదు. ఊరి పేరు రాశారు. చివర "సమర్పించు" మీట కూడా లేత బూడిదరంగులోనే ఉంది. అది నొక్కదగిన మీటో కాదో తెలియలేదు. మావయ్య ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వే చెయ్యి. నాకు కళ్ళు ఆనడం లేదు" అన్నారు.

నన్ను బాధించింది ఆ మాటే. చెట్టు మొదట్లో నిలబడి, తలెత్తి ఒక్క చూపు చూసి, మొవ్వులో కొమ్ముపురుగు పడిందని చెప్పగల మనిషి ఆయన. ఆ కళ్ళకు వచ్చిన లోపమేమీ లేదు. గడిని గీసినవాడి తప్పును ఆయన తన కళ్ళ మీద వేసుకున్నారు. వాడటం చేతకాకపోతే తప్పు తమదేనని నమ్మే మంచివాళ్ళు మన ఊళ్ళనిండా ఉన్నారు. వాళ్ళు ఫిర్యాదు చేయరు, ఫోను పక్కన పెట్టేస్తారు. అందువల్ల ఆ పుట గీసినవాడికి తన తప్పు ఎన్నటికీ తెలియదు.

ఇంగ్లీషువారు ఈ గడిని పొలమన్న అర్థమున్న మాటతోనే పిలుస్తారు. మన అనువాదకులు కొందరు క్షేత్రమని కూడా అన్నారు. మాకు వరిచేల మధ్య పుట్టి పెరిగిన అలవాటు కనుక ఆ పోలిక నాకు నచ్చుతుంది. మడికి గట్టు ఎందుకు? నీరు నిలవడానికి, ఎవరి హద్దు ఎంతవరకో తెలియడానికి, నడిచేవాడు కాలు పెట్టడానికి. గట్టు మీద కొబ్బరిమొక్కలు నాటుకోవచ్చు, కంది చల్లుకోవచ్చు, అది ఎవరిష్టం వారిది. కానీ మడి విశాలంగా కనబడుతుందని గట్టునే చెక్కేస్తే అది వ్యవసాయం కాదు. గడి విషయంలో నా అభిప్రాయమూ ఇంతే. గట్టు మీద అలంకారానికి నేను విరోధిని కాను, గట్టును తీసేయడానికే విరోధిని.

మొదట్లో ఈ సమస్య లేదు. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో దరఖాస్తు గళ్ళకు చోటు దొరికింది. మరుసటి ఏడాది డిసెంబరులో సీఎస్సెస్ మొదటి ప్రమాణం వచ్చినా, గళ్ళను మాత్రం చాలాకాలం విహారిణులు, నిర్వాహక వ్యవస్థలు తమ పద్ధతిలోనే గీసేవి. లోపలికి నొక్కినట్టుండే బూడిదరంగు పెట్టె, పైకి ఉబ్బినట్టుండే మీట. అందంగా ఉండేవి కావు. మనలో మూసలు మార్చడం సరదాగా ఉన్నవారందరికీ ఆ పెట్టెలను చూస్తే చేతులు దురద పెట్టేవి. పుటంతా తీర్చిదిద్దుకున్నాక మధ్యలో ఆ వెతుకుపెట్టె ఒక్కటి పెళ్ళింట్లో సిమెంటు బస్తాలా కనబడేది. నేనూ దాని అంచులు తీసేసి, నేపథ్యంలో కలిపేసి, ఎంతో సాధించానని మురిసిపోయినవాణ్ణే. తరువాత కొన్నాళ్ళకు ఒక మిత్రుడు, మీ పుటలో వెతకడానికి వీలు లేదేమని అడిగాడు. పెట్టె అక్కడే ఉంది, అతనికి కనబడలేదంతే.

ఈ పొరపాటు మనబోటి ఔత్సాహికులదే కాదు. 2014లో గూగుల్ తన మెటీరియల్ డిజైన్ పద్ధతిని ప్రకటించినప్పుడు రాతగడికి నాలుగు అంచులూ తీసేసి, కింద ఒక్క సన్నని గీత మాత్రం ఉంచింది. చూడటానికి హుందాగానే ఉండేది. కానీ పుటలో భాగాలను విడదీసే గీతకూ, గడి కింది గీతకూ తేడా ఏమిటి? తరువాత వాడుకరులతో పరీక్షలు చేయించి, నాలుగు వైపులా గీత ఉన్న పెట్టెనో, నేపథ్యం రంగు నింపిన పెట్టెనో జనం తేలికగా పోల్చుకుంటున్నారని గ్రహించి, 2018 నాటికి ఆ రెండు రూపాలకూ మారింది. అంత పెద్ద సంస్థే తీసేసిన గట్టును మళ్ళీ వేసుకుంది.

అంచు ఎంత స్పష్టంగా ఉండాలన్నదానికి లెక్క కూడా ఉంది. డబ్ల్యూత్రీసీ వారి సౌలభ్య మార్గదర్శకాల 2.1వ కూర్పు 2018 జూన్‌లో వచ్చింది. గడిని గుర్తుపట్టడానికి ఆధారమైన అంచుకూ, దాని పక్కనున్న రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 3కి 1 ఉండాలని అది చెబుతుంది. చిన్న అక్షరాలకైతే ఆ తేడా 4.5కి 1 ఉండాలి. మూసల్లో తరచు కనబడే "సిసిసి" అనే లేత బూడిదరంగుకు తెలుపు మీద వచ్చేది సుమారు 1.6 మాత్రమే. అదే "767676" అనే బూడిదరంగు వాడితే 4.5 దాటుతుంది. రెండూ బూడిదరంగులే, రెండూ పుట అందాన్ని చెడగొట్టవు. ఒకటి నీడపట్టున గదిలో కూర్చున్నవాడికి మాత్రమే కనబడుతుంది, రెండోది ఎండలో కొబ్బరికాయల రాశి పక్కన నిలబడ్డవాడికి కూడా కనబడుతుంది.

ఇక గడి పేరును గడిలోపలే పెట్టడం. దీనివల్ల పుటలో చోటు మిగులుతుంది, గళ్ళు పొందికగా వరుసలో నిలబడతాయి, నిజమే. కానీ రాయడం మొదలుపెట్టగానే ప్రశ్న చెరిగిపోతుంది. కాగితం మీద ఇలా ఎప్పుడైనా చూశామా? తపాలా కార్యాలయంలో మనియార్డరు ఫారం మీద కలం పెట్టగానే "చిరునామా" అన్న మాట ఎగిరిపోతే మనం ఊరుకునేవాళ్ళమా? హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే, గడిలోని ఈ సూచనను గడి పేరుకు బదులుగా వాడవద్దని స్పష్టంగా చెబుతుంది. పేరు గడి పైన ఉండాలి, ఎప్పుడూ ఉండాలి. నమూనా చూపదలచుకుంటే దాన్నీ పేరు పక్కనే, "ఉదాహరణకు" అన్న మాటతో చూపవచ్చు.

ఇంతవరకు చెప్పినవి ఏ భాషకైనా వర్తిస్తాయి. తెలుగుకు ప్రత్యేకమైన కష్టాలు వేరే ఉన్నాయి. వాటిని మనం చెప్పకపోతే మరెవరూ చెప్పరు.

మా కోనసీమ మండలాల పేర్లు చూడండి. ఉప్పలగుప్తం, ముమ్మిడివరం, కాట్రేనికోన, అల్లవరం, అయినవిల్లి, సఖినేటిపల్లి, ఆత్రేయపురం, కొత్తపేట. అన్నిటికీ కింద వత్తులున్నాయి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో గడి ఎత్తును బిగించేస్తే ఈ వత్తులు సగానికి తెగిపోతాయి. అల్లవరం "అలవరం" అవుతుంది, ముమ్మిడివరం "ముమిడివరం" అవుతుంది. రాసినవాడు తాను తప్పు కొట్టాననుకుని చెరిపి మళ్ళీ కొడతాడు. మళ్ళీ అదే కనబడుతుంది. దీనికి మందు చాలా తేలిక. ఎత్తును అంకెతో బిగించకుండా, కనీసపు ఎత్తు మాత్రం చెప్పి, పైనా కిందా లోపలి ఖాళీ వదలాలి. వరుస ఎత్తును అక్షరం కొలతకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచితే వత్తులకు ఊపిరాడుతుందని నా అనుభవం. గుణింతపు గుర్తులు పైన, వత్తులు కింద ఉండే లిపి మనది. దానికి రెండంతస్తుల ఇల్లు కావాలి.

ఖతి సంగతి కూడా ఇలాంటిదే. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఖతి పేరు గౌతమి. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న సీమవాణ్ణి కనుక ఆ పేరు చూసి సంతోషించాను. కానీ ఇంగ్లీషుకు సరిపోయే చిన్న కొలతలో ఆ అక్షరాలు చదవడానికి కళ్ళు చికిలించవలసి వచ్చేది. ఈనాడు నోటో, మండలి, మల్లన్న, రామభద్ర వంటి ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. శీర్షికలకు ఎంత సొగసైనదైనా వాడుకోండి, గడిలో మాత్రం తేటగా చదవగలిగేది వాడండి. కొలత 16 పిక్సెళ్ళకు తగ్గకూడదు. తగ్గితే ఐఫోనులోని సఫారీ, గడిని ముట్టుకోగానే పుటను తనంతట తాను పెద్దది చేస్తుంది, పక్కనున్నవన్నీ తెర బయటికి పోతాయి. ఇంగ్లీషులో హుందాగా ఉంటుందని సూచనలను వాలు అక్షరాలలో పెట్టే అలవాటు కూడా మనకు కలిసిరాదు. ఇప్పటికే గుండ్రంగా, వంపులతో ఉన్న అక్షరాన్ని పక్కకు వంచితే అది గాలికి ఒరిగిన అరటిచెట్టులా ఉంటుంది.

అక్షరాల పరిమితి మరో చిక్కు. "కొత్తపేట" మన లెక్కలో నాలుగక్షరాలు, యూనికోడు లెక్కలో ఎనిమిది. "స్త్రీ" మనకు ఒకే అక్షరం, యూనికోడుకు ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. గడి చిన్నగా, ముద్దుగా ఉండాలని ఇరవై అక్షరాలకు పరిమితి పెడితే మనవాళ్ళ ఇంటిపేరూ పేరూ కలిపి సగంలో ఆగిపోతాయి. ఆగిందని చెప్పే దిక్కు కూడా ఉండదు. మీట కొడుతున్నా అక్షరం పడదు, అంతే.

ఫోను లేనివారు, ఉన్నా ధైర్యం చాలనివారు దరఖాస్తులు నింపించుకునే చోట్లు ఊరూరా ఉన్నాయి. 2011లో మీసేవ మొదలైంది. 2019 అక్టోబరు 2 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరిలో "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లో కూడా ప్రభుత్వ సేవలు మొదలుపెట్టారు. వీటితో పాటు ప్రైవేటు నెట్ సెంటర్లు ఎటూ ఉన్నాయి. అమలాపురంలో అటువంటి సెంటరులో ఒక గంట కూర్చున్నాను. ఆ అబ్బాయి మౌసు ముట్టుకోడు. ఒక గడి నింపి టాబ్ కొట్టి మరో గడికి వెళతాడు. చూపు దరఖాస్తుదారు ఇచ్చిన కాగితం మీదనే ఉంటుంది. మధ్యలో ఒక్కసారి తెర వైపు చూసి తాను ఏ గడిలో ఉన్నాడో తెలుసుకుంటాడు.

అతనికి ఆధారం ఒక్కటే, తానున్న గడి చుట్టూ విహారిణి గీసే మెరుపు గీత. చాలామంది రూపకర్తలు మొదట తీసేసేది దానినే. తమ రంగులతో పొసగదని "అవుట్‌లైన్: నన్" అని ఒక్క వరుస రాస్తారు. దానితో ఆ అబ్బాయికి దారి తప్పుతుంది, కీబోర్డు తప్ప మరో సాధనం వాడలేని వికలాంగులకు దారే మూసుకుపోతుంది. ఆ గీత నచ్చకపోతే మీకు నచ్చిన రంగులో, మీకు నచ్చిన మందంలో వేరే గీత వేయండి. తీసేసి ఊరుకోకండి.

పుట్టినతేదీ గడి గురించి అతనే చెప్పాడు. "చూట్టానికి బాగుంటుందండీ కేలండరు. 1956లో పుట్టినాయనకి అందులో వెనక్కి నెలనెలా నొక్కుకుంటూ వెళ్ళాలండీ" అన్నాడు. వచ్చే వారం ప్రయాణానికి తేదీ ఎంచుకోవడానికి కేలండరు బొమ్మ మంచిదే. కంఠతా వచ్చిన తేదీకి మాత్రం రోజు, నెల, సంవత్సరం అని మూడు మామూలు గళ్ళు చాలు. అలాగని ఆధారు సంఖ్య నాలుగేసి అంకెలుగా అచ్చవుతుంది కదా అని దానిని మూడు గళ్ళుగా విడగొట్టకూడదు. తేదీలో మూడు వేర్వేరు విషయాలున్నాయి, ఆధారు పన్నెండంకెలూ కలిసి ఒకే విషయం. విడగొడితే ఒకచోటి నుంచి ఎత్తి అతికించడం కుదరదు, మధ్యలో ఒక అంకె తప్పితే దిద్దుకోవడమూ కష్టమే.

జిల్లా ఎంచుకునే జాబితా మరో కథ. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అదే ఏడాది అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. ఇప్పుడు రాజోలువాసి ఇంగ్లీషు జాబితాలో తన జిల్లాను కె దగ్గర వెతకాలా, డి దగ్గరా, ఎ దగ్గరా? విహారిణి ఇచ్చే సాదా జాబితాలో కనీసం ఒక అక్షరం కొడితే ఆ అక్షరంతో మొదలయ్యే పేరు దగ్గరికి వెళుతుంది. గుండ్రని మూలలతో, నీడలతో సొంతంగా చెక్కుకున్న జాబితాల్లో చాలాసార్లు ఆ సదుపాయమూ పోతుంది. పైగా గడి వెడల్పు చాలక పేరు మధ్యలో తెగి మూడు చుక్కలు మిగులుతాయి. రాష్ట్రంలో అన్నిటికంటె పొడవైన పేరు ఏదో చూసుకుని గడిని దానికి సరిపడా వేయాలి. కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టే దర్జీని మనం మెచ్చుకుంటామా?

మరొకటి. బ్యాంకు శాఖల ఐఎఫ్ఎస్‌సీ సంకేతంలో 11 స్థానాలుంటాయి. మొదటి నాలుగూ అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్న. సున్నకూ ఇంగ్లీషు "ఓ"కూ తేడా తెలియని సోకైన ఖతిని ఆ గడిలో వాడితే నింపినదానిని సరిచూసుకునే వీలు ఉండదు. తప్పు పడినప్పుడు గడి అంచును ఎరుపు చేసి ఊరుకోవడమూ ఇటువంటి అపచారమే. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియనివారున్నారు, తెరను చెవితో చదివించుకునేవారున్నారు. "అయిదో స్థానంలో సున్న ఉండాలి" అని ఆ గడి కిందనే మాటల్లో రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇదంతా చదివి, అయితే మళ్ళీ ఆ పాత బూడిదరంగు పెట్టెలకే పోదామా అని మిత్రులు అడగవచ్చు. వద్దు. అందవికారమైన దరఖాస్తు మనిషిని భయపెడుతుంది. ఇరుకైన పుటలో నలభై గళ్ళు, చుట్టూ ఎర్రనక్షత్రాలు, పైన పరుగులు తీసే ప్రకటన, అది చూసి తలపోటు రానివాడెవడు? కనుక అందం కావాలి. కానీ గడికి అందం తెచ్చేవి వేరు. గళ్ళ మధ్య ఖాళీ, సంబంధమున్న గళ్ళను ఒకచోట చేర్చడం, ఎడమ అంచులన్నీ ఒకే వరుసలో నిలపడం, గడి వెడల్పు అందులో పట్టే సమాధానానికి తగినట్టు ఉండటం, వేలికి అందేంత పెద్ద మీట. మూలలు కొంచెం గుండ్రంగా చేసుకోండి, అంచుకు మీ పుట రంగే వేయండి, నేపథ్యంలో లేత పసుపు అద్దండి. వీటిలో ఏదీ ఎవరికీ అడ్డురాదు.

సాదాతనం అందానికి శత్రువు కాదనడానికి పెద్ద సాక్ష్యమే ఉంది. బ్రిటిషు ప్రభుత్వపు జాలస్థలి గవ్ డాట్ యూకేకు 2013లో లండన్ డిజైన్ మ్యూజియం వారి ఆ ఏటి ఉత్తమ రూపకల్పన పురస్కారం వచ్చింది. భవనాలతో, వస్తువులతో పోటీపడి, తెల్లని పుటా నల్లని అక్షరాలూ తప్ప ఆర్భాటం లేని జాలస్థలి గెలిచింది. ఈనాటికీ వారి గళ్ళకు మందపాటి నల్లని అంచు, పేరు పైన, ఉన్న గడి చుట్టూ పసుపుపచ్చ. మావయ్య చేతికి ఇస్తే ఎండలోనైనా నింపగలరు.

ఇది సౌందర్యదృష్టికి మాత్రమే చెందిన వాదం కాదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులూ దృష్టిలోపమున్నవారూ వేసిన కేసుల్లో తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. పింఛను, పంటనష్టం, పిల్లవాడి ఫీజు, అన్నీ ఒక గడిలోంచే వెళ్ళవలసిన రోజులివి. తలుపు అందంగా చెక్కించుకోవచ్చు, గడప దాటలేనంత ఎత్తు పెట్టకూడదు.

మన అంతర్జాల తెలుగు పెరిగింది కూడా సాదా గళ్ళలోనే అని మరచిపోకూడదు. వీవెన్ గారి లేఖినిని తలచుకోండి. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే మరో పెట్టెలో తెలుగు వచ్చేది. అందులో ఎక్కడ రాయాలి, ఎక్కడ చూడాలి అని ఎవరినీ అడగవలసిన పని పడలేదు. మనలో ఎంతోమంది మొదటి తెలుగు వాక్యం అలాంటి పెట్టెలోనే పుట్టింది.

నా వంతుగా ఈ వారం నా పుటలోని వెతుకుపెట్టెకు అంచు తిరిగి వేశాను. పేరు పైకి తెచ్చాను. ఎత్తు బిగించిన వరుస తీసేశాను. పుట అందం తగ్గిందని ఇంట్లో ఒకరన్నారు. ఉండవచ్చు. మీరూ మీ పుటలోని గడిని ఒకసారి ఎండలో నిలబడి, ఒంటిచేత్తో, "ఉప్పలగుప్తం" అని కొట్టి చూడండి. వత్తులు తెగకుండా కనబడితే మీ గడి మంచిదే. తెగితే ఆ తప్పు మీ కళ్ళది కాదు.